గ్రామములకు సాంకేతిక శిక్షణ: అనంతపురము రైతుల జల పాఠశాలలు

అనంతపురము సీమలో బోరు వేయదలచిన రైతు తరచుగా మొదట పిలుచునది కొబ్బరికాయ పట్టువానిని. అరచేతిలో పరుండబెట్టిన కాయ ఏ తావున నిలువుగా లేచునో ఆ తావున నీరు గలదని నమ్మకము. కొందరు వేపపుల్ల పట్టుదురు. కాయ లేచినచోట బోరుబండి దిగును. అడుగుకింత అని లెక్క మొదలగును. లోతు పెరిగినకొలది అప్పును పెరుగును. నీరు పడినచో ఘనత కాయది. పడనిచో దోషము రైతు తలవ్రాతది.

ఈ ఆచారమును పరిహసించుటకు మేమీ మాట చెప్పుటలేదు. నేల క్రింద నీరెంత గలదో తెలిసికొనుటకు వేరు సాధనము లేనివాడు కాయను గాక దేనిని నమ్మును? అట్టి సాధనమును రైతు చేతికిచ్చి, దానిని వాడు విధమును, వచ్చిన అంకెను అర్థము చేసికొను విధమును సంవత్సరము పొడుగునా నేర్పినచో ఏమగునో ఈ జిల్లాలోనే పరీక్షించి చూచిరి. ఆ ప్రయత్నము ఎంతవరకు ఫలించినది, ఎక్కడ ఆగిపోయినది అను సంగతులు నేటి పంచాయతీ సభ్యులు తెలిసికొనదగినవి. ఏలయనగా కంప్యూటరని, సెల్‌ఫోనని, టాబు అని పలువిధములైన శిక్షణలు పల్లెలకు వచ్చుచున్నవి. శిక్షణ అనగానే గోడకు కట్టిన బ్యానరు, మధ్యాహ్నపు భోజన పొట్లము, సంతకముల పట్టిక, చివర ఒక ఫొటో మన కండ్లకు గట్టును. ఆ ఫొటో తరువాత ఊరిలో ఏమి మిగిలినదన్నదే అసలు ప్రశ్న.

వాన తక్కువ, రాయి ఎక్కువ

2022 ఏప్రిల్ 4వ తేదీన పూర్వపు అనంతపురము జిల్లా రెండుగా విభజింపబడి, శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది. ఈ వ్యాసములో అనంతపురమనగా ఆ ఉమ్మడి జిల్లాయే. ఇచ్చట సాలుకు సగటున పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి ఋతుపవనములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనములు కోస్తాను తడిపి, ఇచ్చటికి వచ్చునప్పటికి చాలవరకు వట్టిపోవును. నేల ఎర్రనిది, పలుచనిది. దాని క్రింద గట్టిరాయి. నీరు నిలుచునది పైనున్న చివికిన రాతిపొరలోను, ఆ క్రింది పగుళ్లలోను మాత్రమే. పైపొర నిండినచో బావులు నిండును. అది ఎండిన పిమ్మట ఎన్ని వందల అడుగులు పోయినను తగులునవి పగుళ్లే. పగుళ్లలో ఉండునది కొద్దిపాటి నీరే.

కావుననే ఒకే గట్టుకు ఇరుప్రక్కల ఒక బోరు పోయుచుండగా మరియొకటి దుమ్ము చిమ్మును. ఒకని బోరు లోతైనకొలది ప్రక్కవాని బోరు అడుగంటుటయు కలదు. పొలములకు గట్లు గలవు గాని, నేల క్రింది నీటికి గట్లు లేవు. ఈ మాట రైతులందరకును తెలిసినదే. తెలియనిది అంకె: ఈ సంవత్సరము వాన ఎంత ఇంకినది, మనమందరము కలిసి ఎంత తోడుచున్నాము? అంకె లేనప్పుడు ప్రతివాడును తనకంటె ముందు ప్రక్కవాడు తోడుకొనునని భయపడును. ఆ భయములో మరియొక బోరు వేయును.

బోర్లనుండి బడికి

1995 నుండి 2003 వరకు నెదర్లాండ్సు ప్రభుత్వ సహాయముతో ఏపీవెల్ అను పథకము రాష్ట్రములోని ఏడు కరవు జిల్లాలలో నడచెను. చిన్న, సన్నకారు రైతులకు ఉమ్మడిగా మూడువేలకు పైగా బోర్లు వేయించిరి. బోరు వేసినంతమాత్రమున పని ముగియదనియు, దానిలో నీరు ఎన్నాళ్లు నిలుచునో రైతులే కొలిచి చూచుకొనుట అవసరమనియు ఆ పథకములోనే తేలినది. ఆ అనుభవమునుండి పుట్టినదే 2003లో మొదలైన మరియొక పథకము. దాని పేరు రైతుల నిర్వహణలోని భూగర్భజల వ్యవస్థల పథకము. ఆంగ్లపు పొడి అక్షరములలో దానిని ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనిరి. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబునగరు, నల్గొండ, ప్రకాశము జిల్లాలలో ఆరువందలకు పైగా పల్లెలలో ఇది 2009 వరకు సాగెను. ధనసహాయము నెదర్లాండ్సుది, సాంకేతిక సహాయము ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థది. నంద్యాలలోని బర్డ్స్ అను స్వచ్ఛంద సంస్థ మరికొన్ని సంస్థలను కలుపుకొని దీనిని నడిపినది.

ఈ పథకములో రైతుకు సబ్సిడీ లేదు, నగదు లేదు. ఈ పంట వేయరాదను నిషేధమును లేదు. ఇచ్చినది కొలత, ఆ కొలతను అర్థము చేసికొను చదువు. అంతే. తన నీటి లెక్క తనకు తెలిసిన రైతు తన మేలు తానే చూచుకొనును అన్నదే దాని మూలసూత్రము. పల్లెలకు ఏదైన చేయవలెనన్నచో ఏదో ఒకటి పంచిపెట్టవలెనను అలవాటు గల మనకు ఇది కొంత వింతగనే తోచును.

ప్రతి పల్లెలోను భూగర్భజల నిర్వహణ సంఘమేర్పడెను. స్త్రీలకును పురుషులకును అందులో స్థానము కల్పించిరి. పల్లెలన్నిటిని కలిపి చూచుటకు మండలమును గాని రెవిన్యూ ఎల్లను గాని తీసికొనలేదు. ఒకే వంకలోనికి నీరు పారు ప్రాంతమంతయు ఒక యూనిటు. వాన నీటికి గ్రామముల పొలిమేరతో పని లేదు గదా!

ఆ సంఘములవారికి పెట్టిన బడియే రైతు జల పాఠశాల. 1989లో ఇండోనేషియాలో వరి రైతుల కొరకు ఆహార వ్యవసాయ సంస్థ ప్రారంభించిన క్షేత్ర పాఠశాలల పద్ధతిని నీటికి అన్వయించిరి. ఈ బడికి గదులు లేవు. చెట్టు నీడ, బోరు గట్టు చాలును. జూన్‌లో మొదలై మరుసటి మే నెల వరకు, పదునైదు రోజులకొక పర్యాయము రైతులు కూడుదురు. సంవత్సరమంతయు ఎందులకనగా, జూన్‌లో వాన, అక్టోబరులో పంట నిర్ణయము, మార్చిలో బోరు తగ్గుట, ఇవన్నియు ఎప్పుడు జరుగునో అప్పుడే చూచి నేర్వవలెను. మూడు రోజుల తరగతిలో మార్చి నెలను చూపుట ఎవరి వలనను కాదు.

నేర్పిన కొలతలు మూడు

మొదటిది వాన. ఎత్తైన చెట్టుకు, గోడకు దూరముగా వానమాపకమును నాటి, ప్రతి దినము ఉదయము 8.30 గంటలకు అందులోని నీటిని కొలపాత్రలో పోసి మిల్లీమీటర్లు చదువవలెను. మన పెద్దలు వానను దుక్కి పదును అనియు, రోలు నిండు వాన అనియు చెప్పుకొనిరి. కార్తెలను బట్టి లెక్క గట్టిరి. ఆ మాటలు విత్తుటకు చాలును గాని కూడికకు, తీసివేతకు లొంగవు. మిల్లీమీటరు లొంగును. ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన పడినచో సుమారు 4,000 లీటర్ల నీరు. వేసవిలో ఊరికి వచ్చు 5,000 లీటర్ల ట్యాంకరు ఎంతటిదో ఎరిగిన వారికి ఈ అంకె వెంటనే అర్థమగును.

రెండవది నీటిమట్టము. అంకెలు వేసిన టేపు చివర ఒక లోహపు ముక్క ఉండును. దానిని బోరులోనికి వదలగా, అది నీటిని తాకగనే పైనున్న పరికరము మ్రోగును. ఆ చోట టేపుపై ఎన్ని మీటర్లున్నవో వ్రాసికొనవలెను. మోటారు ఆపి కొన్ని గంటలు గడచిన తరువాతనే కొలువవలెను. లేనిచో మట్టము ఉన్నదానికంటె లోతుగా కనిపించును.

మూడవది బోరు పోయు నీరు. దీనికి కావలసినవి 200 లీటర్ల డ్రమ్ము, ఒక గడియారము. డ్రమ్ము 50 సెకండ్లలో నిండినచో ఆ బోరు సెకండుకు 4 లీటర్లు, గంటకు 14,400 లీటర్లు పోయుచున్నదన్నమాట. రెండించుల నీరు, మూడించుల నీరు అని చెప్పుకొనుటకును దీనికిని ఎంత భేదమో ఒక్కసారి డ్రమ్ము పట్టినవారికి తెలియును.

2011 జనాభా లెక్కలలో ఈ జిల్లా అక్షరాస్యత సుమారు 64 శాతము. అందులోను వయసు మీరిన రైతులలో చదువు మరింత తక్కువ. అయినను కొలతలు తీసిన వారిలో చదువు రానివారు, చదువు మధ్యలో మానినవారు, గృహిణులు ఉండిరి. టేపు మ్రోగుటను వినుటకు అక్షరములు అక్కరలేదు. అంకెలు వ్రాయుటకు ఇంటిలో ఒకరు సహాయపడిన చాలును. వచ్చిన అంకెలను పుస్తకములో దాచక ఊరి నడుమ గోడపలకపై అందరకును కనబడునట్లు వ్రాసిరి. మా అభిప్రాయములో ఈ గోడపలకయే మొత్తము పథకములోని గొప్ప సాధనము. దానిపై అంకె తప్పుగా వ్రాసినచో సాయంకాలమునకు ఊరంతయు అడుగును.

జమాఖర్చు

అక్టోబరు నెలలో, రబీ విత్తుటకు ముందు, సంఘములు కూడి నీటి బడ్జెటు వేసికొనెడివి. ఈ లెక్క మన సభ్యులు తప్పక తెలిసికొనవలసినది గనుక కొంచెము విపులముగా చెప్పెదము.

వేయి ఎకరముల విస్తీర్ణము గల ఒక పల్లెను ఊహింతము. జూన్ మొదలు సెప్టెంబరు వరకు 300 మిల్లీమీటర్ల వాన పడినదనుకొందము. వేయి ఎకరములు, మున్నూరు మిల్లీమీటర్లు, ఎకరమునకు మిల్లీమీటరుకు 4,000 లీటర్లు: మొత్తము 120 కోట్ల లీటర్లు. ఇంత నీరా అని ఆశ్చర్యము కలుగును. కాని ఆవిరియై పోవునది, పైరును మొక్కలును త్రాగునది, వంకలో పారిపోవునది తీసివేయగా, చివికిన గ్రానైటు నేలలో లోతునకు ఇంకునది సుమారు పదవ వంతు. అనగా 12 కోట్ల లీటర్లు. ఇది జమ.

ఇక ఖర్చు. వరికి పంటకాలములో 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెననుకొన్నచో ఎకరమునకు 48 లక్షల లీటర్లు. రబీ వేరుసెనగకు 500 మిల్లీమీటర్ల చొప్పున 20 లక్షలు. రాగికి 350 చొప్పున 14 లక్షలు. పల్లెలో 15 ఎకరముల వరి, 40 ఎకరముల వేరుసెనగ వేయదలచిరి. వరికి 7 కోట్ల 20 లక్షలు, వేరుసెనగకు 8 కోట్లు. మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున 800 మంది జనమునకు సంవత్సరమునకు సుమారు కోటి 60 లక్షలు. పశువులను కలుపుకొని రెండు కోట్లనుకొందము. మొత్తము 17 కోట్ల 20 లక్షలు. జమ 12 కోట్లు! లోటు 5 కోట్ల 20 లక్షల లీటర్లు. ఈ లోటు కాగితముపై తేలినది గనుక అక్టోబరులోనే కనబడినది. కాగితము లేనిచో ఇది ఫిబ్రవరిలో ఎండిన పైరుగా కనబడును.

ఇప్పుడేమి చేయవలెను? వరిని రెండు ఎకరములకు తగ్గించి, మిగిలిన 13 ఎకరములలో రాగి వేసినచో వరికి 96 లక్షలు, రాగికి కోటి 82 లక్షలు. వేరుసెనగలో సగము, అనగా 20 ఎకరములు, తుంపర సేద్యమునకు మార్చి నాల్గవ వంతు నీరు మిగిల్చినచో 8 కోట్లు 7 కోట్లగును. త్రాగునీరు రెండు కోట్లు ఉండనే యున్నది. మొత్తము 11 కోట్ల 78 లక్షలు. పొలము ఒక్క ఎకరమైనను బీడు పడలేదు, లెక్క కుదిరినది. నిజమైన బడ్జెటులో పాత నిలువ, పొలమునుండి తిరిగి ఇంకు నీరు, చెరువు నీరు మొదలగునవియు చేరును. పద్ధతి మాత్రమిదియే. సాధారణముగా 500 మిల్లీమీటర్ల వాన పడిన సంవత్సరములో ఒక ఎకరము క్రింద ఇంకునది 2 లక్షల లీటర్లు. ఒక ఎకరము వరి త్రాగునది 48 లక్షలు. అనగా ఒక ఎకరము వరి ఇరువదినాలుగు ఎకరముల వానను త్రాగుచున్నది. ఈ ఒక్క వాక్యము రచ్చకట్టపై ఎంతసేపు చర్చకు వచ్చునో సభ్యులే చూడవచ్చును.

ఎవరు ఏ పంట వేయవలెనో బడ్జెటు ఆజ్ఞాపింపలేదు. రబీ సాగిన తరువాత నిజముగా వేసిన పంటలను మరల లెక్కించి, అనుకొన్నదానికి, జరిగినదానికి గల తేడాను చూచుకొనిరి.

ఫలితము, అటుపిమ్మట

ప్రపంచబ్యాంకు 2010లో ప్రకటించిన నివేదికలో ఈ పథకపు ఫలితమును పేర్కొన్నది. పరిశీలించిన మూడు సంవత్సరములలో 42 శాతము వంక ప్రాంతములలో రబీ నీటి తోడకము వరుసగా తగ్గినది. 51 శాతములో కొన్ని సంవత్సరములు తగ్గినది. 7 శాతములో మాత్రము పెరిగినది. రైతులు ఊరి మేలు కొరకు తమ లాభమును త్యాగము చేసిరని ఆ నివేదిక చెప్పలేదు. లోటు ముందుగా తెలిసిన రైతు తన పెట్టుబడిని కాపాడుకొనుటకు పంట మార్చుకొనెను. అట్లు వేలమంది వేరువేరుగా మార్చుకొనగా నీరు మిగిలినది. ఈ మాట మాకు మిక్కిలి నచ్చినది. త్యాగము చేయుడని ఊరిని అడుగుట కష్టము. లెక్క చూడుడని అడుగవచ్చును.

2009లో పథకము ముగిసినది. తరువాత వెళ్లి చూచిన పరిశీలకులకు చాలచోట్ల కొలతలు ఆగిపోయినట్లు, సంఘములు కూడుట మానినట్లు కనబడినది. జీతముతో తిరుగు కార్యకర్త రాకపోవుటతో టేపు పెట్టెలో చేరెను. గోడపలకపై పాత అంకెలు వెలిసిపోయెను. నేర్చినవారు నేర్చినది మరువలేదు గాని, కొలుచుట యను పని ఎవరిదో తేలలేదు. పథకమునది కాదు, ఎందుకనగా పథకము లేదు. పంచాయతీది కాదు, ఎందుకనగా పంచాయతీకి ఎన్నడును అప్పగింపలేదు.

ఇట్టి సంగతి దీనితోనే మొదలు కాలేదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా ఎరువిచ్చిన ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారమైనవి. ఆంధ్రప్రదేశ్ గ్రామములును అందుండినవి. తెలుగులో కార్యక్రమములు వచ్చినవి. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో పన్నెండు దినముల శిక్షణను రెండు విడతలుగా సుమారు 48 వేల మందికి ఇచ్చిరి. ఆనాటికి ప్రపంచములోనే ఇది గొప్ప ప్రయోగము. సంవత్సరము నిండగనే ఉపగ్రహము వెనుకకు మరలెను. దేశమునకు దానివలన కలిగిన అనుభవము అపారము. తరువాతి మన సొంత ఉపగ్రహములకు అది పునాది. కాని పాఠము వినుటకు అలవాటు పడిన పల్లె మాటయేమి? శిక్షణ ముగియు దినమున దానిని అందుకొను చేయి ఊరిలో ముందే సిద్ధముగా ఉండవలెనని ఈ రెండింటి వలనను తెలియుచున్నది.

ఉపాధ్యాయులు, వృద్ధులు

ఉపాధ్యాయుల శిక్షణ నేడు చాలవరకు ఫోనులోనికి వచ్చినది. 2017లో దీక్షా వేదిక, 2019లో నిష్ఠా శిక్షణ మొదలైనవి. కరోనా కాలమున 2020లో నిష్ఠా పాఠములును దీక్షా మీదనే సాగినవి. 2022 డిసెంబరులో రాష్ట్రములోని ప్రభుత్వ పాఠశాలలలో 8వ తరగతి విద్యార్థులకును, వారి ఉపాధ్యాయులకును టాబులు పంచిరి. పాఠము ముగియగనే ధ్రువపత్రము వచ్చును. ధ్రువపత్రము వచ్చినంతనే విద్య వాడుకలోనికి వచ్చినట్లు కాదని ఉపాధ్యాయులే ఒప్పుకొందురు. వాడుక కలుగవలెనన్నచో తరగతిలో దానితో చేయదగిన పని ఒకటి ఉండవలెను. ఊరి వానలెక్క అట్టి పని. ప్రతి దినము వచ్చు అంకె, నెలకొకసారి వేయు రేఖాచిత్రము, ఎకరమునకు లీటర్లుగా మార్చు గుణకారము: ఇవి ఎనిమిదవ తరగతి గణితమునకు, విజ్ఞానమునకు, టాబునకు మూడింటికిని తగినవి. ఇందుకు పంచాయతీ చేయవలసినది వానమాపకమును పాఠశాల ఆవరణలో పెట్టించి, ప్రధానోపాధ్యాయునితో మాటాడుటయే.

వృద్ధుల విషయము వేరు. 2017లో కేంద్ర ప్రభుత్వము గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియానమును ప్రారంభించెను. ఇంటికొకరి చొప్పున ఆరు కోట్ల మందికి, 20 గంటల పాఠము. 2024 మార్చి 31వ తేదీన అది ముగియునప్పటికి దేశములో 6 కోట్ల 39 లక్షల మంది శిక్షణ పొందిరి. లక్ష్యమును మించిన సంఖ్యయే. కాని అర్హత 14 నుండి 60 సంవత్సరముల వరకే. అరువది దాటిన పింఛనుదారునికి అందులో చోటు లేదు. వేలిముద్ర అరిగి యంత్రము అంగీకరింపనిది ఆయనకే. బ్యాంకునుండి అని చెప్పి మోసగాడు ఫోను చేయునదియు ఆయనకే. ఇంటిలో మనుమడు నేర్చుకొన్నాడు గదా అనవచ్చును. మనుమడు బెంగుళూరులో పనికి పోయిన ఇండ్లు ఈ జిల్లాలో ఎన్ని గలవో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు.

ముసలివారికి యంత్రము పట్టుబడదనుట తప్పని జల పాఠశాలలు చూపినవి. పట్టుబడుటకు రెండు కావలెను. తనకు నేడు అవసరమైన పనితోనే పాఠము మొదలుకావలెను. పదునైదు దినములకొక పర్యాయము మరల మరల చేయవలెను. వృద్ధులకు ఫోను పాఠము అంతర్జాలమనగానేమి అని మొదలు పెట్టుట వ్యర్థము. ఓటీపీ అంకెలను ఎవరడిగినను చెప్పరాదు. డబ్బు పోయినచో వెంటనే 1930కు ఫోను చేయవలెను. పిడుగు సమీపమున పడు సూచన దామిని యాప్‌లో వచ్చును. తమ జిల్లా వానసూచన మేఘదూత్‌లో తెలుగులో దొరకును. ఈ నాలుగు విషయములు ఒక్కొక్కటి ఒక్కొక్క దినమున చేతితో చేయించిన చాలును. ఇందులో వృద్ధులు ఊరకే విద్యార్థులు కారు. ఏ బావి ఏ కరవులో మొదట ఎండినది, ఏ కుంట ఏ సంవత్సరము అలుగు పారినది అను చరిత్ర వారి వద్దనే గలదు. నీటి బడ్జెటు వేయువారికి అది లేనిదే బావుల పట్టిక పూర్తి కాదు. నేర్వవచ్చినవారు నేర్పుటకును పిలువబడినచో రాకపోకలలో సిగ్గు తగ్గును.

పంచాయతీ చేయదగినది

రాజ్యాంగపు 73వ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు గలవు. వానిలో 3వది చిన్ననీటి వనరులు, నీటి యాజమాన్యము. 17వది పాఠశాల విద్య. 18వది సాంకేతిక శిక్షణ. 19వది వయోజన విద్య. మనము మాటాడుచున్న పని ఈ నాలుగింటి పరిధిలోనిది. 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము క్రొత్త బోరునకు అనుమతి అవసరమనుచున్నది. ఊరిలో నీటి లెక్క ఉన్నచో ఆ అనుమతిపై గ్రామసభ ఆధారముతో అభిప్రాయము చెప్పగలదు. లేనిచో మొగమాటమే ఆధారము. 2019 డిసెంబరు 25న కేంద్రము ప్రారంభించిన అటల్ భూజల యోజనలో గ్రామ పంచాయతీల నీటి బడ్జెటునకు ముఖ్యస్థానమిచ్చిరి. దానికెన్నుకొన్న ఏడు రాష్ట్రములలో పొరుగుననున్న కర్ణాటకము గలదు, మన రాష్ట్రము లేదు. అందులకై చింతింపనక్కరలేదు. మనవారు ఆ లెక్కను అంతకు ముందే వేసియుండిరి.

వానమాపకము, నీటిమట్టపు టేపు, ఒక డ్రమ్ము: ఈ మూడింటికి అగు వ్యయము నీరు పడని ఒక బోరునకగు వ్యయములో చిన్న భాగము. వీనిని పంచాయతీ ఆస్తి పుస్తకములో చేర్చవలెను. లేనిచో అవి ఎవరి ఇంటిలోనో మిగులును. పూర్వము ఈ పథకములో పనిచేసిన రైతులు మీ గ్రామములోనో ప్రక్క గ్రామములోనో ఉన్నచో వెదకి, వారినే గురువులుగా పిలువవలెను. అనుమానములు తీర్చుటకు భూగర్భజల శాఖ జిల్లా కార్యాలయము గలదు. ఆ శాఖ తన పరిశీలక బావులలో మట్టమును కొలుచుచున్నది గనుక, ఊరి అంకెను దానితో పోల్చి చూడవచ్చును. గ్రామ సచివాలయములోని డిజిటల్ సహాయకునిచే నెల నెలా అంకెలను కంప్యూటరులో ఎక్కింపవచ్చును గాని, గోడపలకను మాత్రము మానరాదు.

కొలుచువారు ఒకరు గాక ఇద్దరుండవలెను. ఇద్దరిలో ఒకరు స్త్రీ అయినచో మంచిది. పనికై పరదేశము పోవునది సాధారణముగా పురుషులు. మాపకమునకు దగ్గరనున్న గోడ గాని చెట్టు గాని ఎంత ఎత్తో దానికి రెండింతల దూరములో దానిని నాటవలెను. మేకలు తగులకుండ చుట్టును కంచె వేయవలెను. నీటిమట్టమును నెలకొకసారి, ఒకే తేదీన, ఎన్నుకొన్న అవే బోర్లలో కొలువవలెను. అక్టోబరు మొదటి పక్షములో జరుగు గ్రామసభలో బడ్జెటు చదువవలెను. పుస్తకము జూన్ 1వ తేదీన తెరవవలెను. ఉదయము 8.30 గంటలకు పాత్రలో నీరు లేనిచో గడిని ఖాళీగా విడువక, సున్న వ్రాసి, కొలిచినవారు సంతకము చేయవలెను.